మారాల్సింది ఎవరి ప్రవర్తన?

పోయిన నెలలో మా జిల్లాలో ఒక శిక్షణా కార్యక్రమానికి వెళ్లాను. గ్రామ సంఘాల నుంచి నలభై మంది దాకా స్త్రీలు వచ్చారు. ఆ రోజు విషయం ఆరోగ్యం. గోడకి ఒక చార్టు తగిలించారు. దాని మీద పెద్ద అక్షరాలతో 'ప్రవర్తనలో మార్పు' అని రాసి ఉంది. దాని కింద స్త్రీలు ఏమేం చేయాలో వరుసగా ఉంది. జబ్బు ముదరకముందే ఆసుపత్రికి వెళ్లాలి. సిగ్గు విడిచి సమస్య చెప్పాలి. ఆర్‌ఎంపీలని నమ్మకూడదు. రాసిచ్చిన మందులు పూర్తిగా వాడాలి. రమ్మన్న రోజుకి మళ్లీ వెళ్లాలి. ఆ చార్టు చదివి వివరించే పని నాది. చదివాను, వివరించాను.

అంతా అయ్యాక వెనక గోడకి ఆనుకుని కూచున్న ఒకామె లేచి నిలబడింది. పదేళ్లకి పైగా మా సంఘంలో ఉన్న మనిషి. మీటింగుల్లో పెద్దగా నోరు విప్పదు. "అక్కా, గీ చార్టుల రాసినయన్నీ నేను చేసిన. ఒక్కసారి గాదు, మూడుసార్లు దవాఖానకు పోయిన. మారాల్సింది నేనేనా? దవాఖాన మారొద్దా?" అని అడిగింది.

హాలంతా ఒక్కసారి మాటలతో నిండిపోయింది. ఒక్కొక్కరూ తమ దవాఖాన కథ చెప్పడం మొదలుపెట్టారు. నా దగ్గర మాత్రం ఆమెకివ్వడానికి సమాధానం లేదు. ఈ సంపాదకీయం ఆమె ప్రశ్నకి ఆలస్యంగా రాస్తున్న జవాబు.

ముందు ఆమె కథ చెప్పాలి. పదేళ్ల కిందట ఆమెకి తెల్లబట్ట అయ్యేది, విపరీతమైన నడుంనొప్పి ఉండేది. ఆసుపత్రికి వెళ్లమని సంఘంలో మేమే చెప్పాం. మొదటిసారి వెళ్లినప్పుడు నాట్ల కాలం. పొద్దున్నే వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, మొదటి బస్సు అందక రెండో బస్సెక్కి చేరేసరికి పదకొండున్నర దాటింది. ఓపీ చిట్టీలు అయిపోయాయి, రేపు రమ్మన్నారు. ఆ రోజు కూలి పోయింది. మర్నాడు మళ్లీ పోగొట్టుకునే స్తోమత లేదు. రెండోసారి తెల్లవారక ముందే లేచి వెళ్లి చిట్టీ సంపాదించింది. డాక్టరు బల్ల చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. అందులో ఒకతను తమ ఊరివాడు. "ఏంది బాధ?" అని డాక్టరు తలెత్తకుండా అడిగితే, "నడుంనొప్పి" అని మాత్రం చెప్పింది. నొప్పి మాత్రలిచ్చి పంపేశారు. మూడోసారి అత్తని వెంటబెట్టుకుని వెళ్లి, ఒక నర్సుతో గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పుకుంది. స్కానింగు తీయాలన్నారు. బాగా నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని కూచోమన్నారు. రెండు గంటలు కూచుంది. పిలుపు రాలేదు. ఆపుకోలేక లేచి వెళితే ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఆసుపత్రి వెనక తుమ్మచెట్ల చాటుకి పోయి, అటునుంచి అటే బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

నాలుగోసారి ఆమె ఆసుపత్రికి వెళ్లలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లింది. అతను రాత్రి ఎనిమిదింటికి కూడా ఉంటాడు, ఇంటికొస్తాడు, డబ్బు పంట వచ్చాక ఇవ్వమంటాడు. అతనే పట్నంలో ఒక నర్సింగ్ హోంకి తీసుకుపోయాడు. అలాగే ఉంచితే క్యాన్సరవుతుందని చెప్పి అక్కడ గర్భసంచి తీసేశారు. అండాశయాలు కూడా తీసేశారని ఆమెకి చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పుడామెకి 31 ఏళ్లు. నలభై దాటిన ఈనాటికే మెట్లెక్కలేదు, ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల నొప్పులు. ఆపరేషన్‌కి చేసిన అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది.

శిక్షణ నుంచి తిరిగొచ్చాక మా ఆఫీసులో పాత రిజిస్టరు తీసి చూశాను. ఆ ఏడాది ఆమె పేరు ఎదురుగా, 'ఆసుపత్రికి పంపాం, వైద్యానికి సహకరించడం లేదు' అని రాసి ఉంది. ఆ చేతిరాత నాది.

ఇలాంటి అనుభవం ఆమె ఒక్కదానిదే కాదు. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉన్నారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దోచుకునే నర్సింగ్ హోంల గురించి మనం చాలాసార్లు రాశాం, ఇక ముందూ రాస్తాం. కానీ ఆ స్త్రీలని నర్సింగ్ హోం గుమ్మం దాకా నెట్టింది ఏమిటన్న ప్రశ్నని మనం తగినంతగా వేయలేదు.

ఆమె మూడు ప్రయత్నాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఆసుపత్రిని ఎవరిని మనసులో పెట్టుకుని నడుపుతున్నారో తెలుస్తుంది. ఆ మనిషికి పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా వేరే పని ఉండదు. ఒకరోజు కూలి పోయినా పొయ్యి వెలుగుతుంది. ఇంట్లో చంటిపిల్లలు, ముసలివాళ్లు, గేదెలు ఉన్నా చూసుకోవడానికి ఇంకొకరున్నారు. ఏ గది ఎక్కడుందో బోర్డు చదివి పోగలదు. నలుగురి ముందు తన ఒంటి సంగతి చెప్పడానికి జంకదు. తిరగడానికి చేతిలో డబ్బుంటుంది. అలాంటివాళ్లు మన ఊళ్లలో లేకపోలేదు. చాలామటుకు ఆయన మగవాడు, నెల జీతం ఉన్నవాడు, పొద్దున్నే క్యారియరు కట్టిచ్చే ఇల్లాలు ఉన్నవాడు. తమాషా ఏమిటంటే ఆయన సర్కారు దవాఖానకి రాడు. వచ్చేది మనం.

మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కొండ ప్రాంతంలో 20 వేలకి ఒకటి అని మన ప్రభుత్వాలు లెక్క వేశాయి. ఆ లెక్క అవసరమే. కానీ అది తలలని లెక్కపెడుతుంది, ఆ మనుషులు రోజు ఎలా గడుపుతారో లెక్కలోకి తీసుకోదు. తీసుకోవాలని తెలియక కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ పత్రాల్లో పట్టణ ఆరోగ్య కేంద్రాలు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా పనిచేయడం మేలని రాశారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, అడ్డా కూలీలు, బీడీలు చుట్టేవాళ్లు ఆ వేళకే రాగలరని రాసినవాళ్లకి తెలుసు. మీ బస్తీ కేంద్రంలో సాయంత్రం ఏడింటికి డాక్టరు ఉంటున్నారా? ఒకసారి వెళ్లి చూడండి.

స్త్రీలు రాకపోవడానికి మన అధికారులు, కొన్నిసార్లు మనమూ, వాడే మాట 'అజ్ఞానం'. ఈ మాట ఎంత తప్పో చెప్పే ఉదాహరణ మన పొరుగునే ఉంది. కాళేశ్వరం దగ్గర నది దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. దాని దక్షిణపు కొస సిరొంచలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. 1980ల మధ్యలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ అక్కడికి వెళ్లి 'సెర్చ్' అనే సంస్థని మొదలుపెట్టారు. రాణీ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలని పరీక్షించారు. వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. సగటున ఒక్కొక్కరికి మూడున్నరకి పైగా సమస్యలున్నాయి. కానీ అంతకుముందు ఒక్కసారైనా ఆ పరీక్ష జరిగినవాళ్లు 8 శాతం. 1989 జనవరిలో లాన్సెట్ పత్రికలో ఈ అధ్యయనం వచ్చేదాకా, పేద దేశాల పల్లె స్త్రీల ఆరోగ్యమంటే గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ అనే ప్రపంచం అనుకుంది. ఆ స్త్రీలు నోరు మూసుకుని ఉన్నారనుకోవడం పొరపాటు. వాళ్లని అడిగినవాళ్లు లేరు. వినడానికి అనువైన చోటు లేదు. ఒక స్త్రీ వచ్చి, తలుపు మూసి, కూచోబెట్టి అడిగితే చెప్పారు, పరీక్ష చేయించుకున్నారు.

ఆ తర్వాత వాళ్లు ఆసుపత్రి కట్టాలనుకున్నప్పుడు చేసిన పని ఇంకా ముఖ్యమైనది. ఉన్న ఆసుపత్రులకి మీరెందుకు పోరు అని గోండులని అడిగారు. పెద్ద భవనాలంటే మాకు భయం, లోపలికి పోతే దారి తెలియదు అన్నారు. రోగిని లోపల పెట్టి మమ్మల్ని బయటికి పంపేస్తారు, మా మనిషిని ఒంటరిగా ఎలా వదిలి పోతాం అన్నారు. డాక్టర్లు, నర్సులు తెల్లబట్టలు కట్టుకుంటారు, మేం శవానికి చుట్టేది తెల్లబట్ట, అది కట్టుకున్నవాళ్లు ప్రాణం ఎలా పోస్తారు అన్నారు. మీ ఆసుపత్రిలో దేవతే లేదు అన్నారు.

ఈ మాటలు విని నవ్వుకుని, వీళ్లకి చైతన్యం తేవాలని ఒక చార్టు గీయించడం తేలిక. మనమైతే బహుశా అదే చేసేవాళ్లం. వాళ్లు అలా చేయలేదు. ఆసుపత్రిని గోండు గూడెంలాగా చిన్న చిన్న గుడిసెలుగా కట్టారు. రోగితో పాటు ఇంటివాళ్లు ఉండి వండుకునే వీలు కల్పించారు. గోండులు కొలిచే దంతేశ్వరి తల్లి పేరే ఆసుపత్రికి పెట్టారు. లోపల జరిగే వైద్యం ఆధునిక వైద్యమే. ఆపరేషన్లూ జరుగుతాయి. మందులో, శుభ్రతలో, చదువులో ఏ రాజీ లేదు. గుమ్మం మాత్రం వచ్చేవాళ్లకి తెలిసిన గుమ్మంలాగా ఉంది.

అదే జిల్లాలో పసిబిడ్డల మరణాల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించారు. పురుటిలో తల్లీబిడ్డా బయటికి రారు. మన దగ్గరా అంతే కదా, పురుడు వెళ్లేదాకా బిడ్డని గడప దాటించరు. జబ్బు చేసినా దాటించరు. ఆ ఆచారంతో తగాదా పడుతూ కూచుంటే, తగాదా తేలేలోపు బిడ్డలు పోతారు. అందుకని వైద్యాన్నే పురిటి గదిలోకి పంపారు. 39 గ్రామాల్లో అదే ఊరి స్త్రీలకి శిక్షణ ఇచ్చారు. వాళ్లు బిడ్డ బరువు తూచారు, ఊపిరి లెక్కపెట్టారు, ఒంట్లో చీము విషం పాకిన బిడ్డకి అవసరమైతే ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. మూడో ఏడాదికి ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. ఇవాళ మన ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి ఆరుసార్లు వెళ్లే కార్యక్రమం 2011లో దేశమంతటా వచ్చింది. దాని మూలం ఆ గూడేలలో ఉంది.

మన రాష్ట్రాల్లోనూ ఇలాంటి ప్రయత్నం ఒకటి చెప్పుకోవాలి. విజయనగరం జిల్లా కొండల మీది గూడేల నుంచి నొప్పులొచ్చిన స్త్రీలని డోలీల్లో మోసుకొస్తుంటే దారిలోనే కాన్పులయ్యేవి. నెలలు నిండకముందే కిందికి దిగి రమ్మంటే రారని అధికారులు విసుక్కునేవారు. ఎలా వస్తారు? కింద ఉండడానికి చోటేది? పైన చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారు? 2018లో సాలూరులో ఐటీడీఏ గర్భిణుల కోసం ఒక వసతి గృహం తెరిచింది. నెలలు నిండుతున్న స్త్రీలు ముందుగానే దిగి వచ్చి ఉండొచ్చు, చిన్నపిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చు, తిండీ పరీక్షలూ అక్కడే. రారు అనుకున్న స్త్రీలు వచ్చారు. ఇప్పుడు ఆ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇది రోడ్డుకి బదులు కాదు. డోలీ వార్తలు ఈనాటికీ మన్యం నుంచి వస్తూనే ఉన్నాయి, ప్రతి గూడేనికీ రోడ్డు వేసే బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పించుకోలేదు. కానీ 'రారు' అన్న మాటని 'ఎందుకు రాలేకపోతున్నారు' అని మార్చి అడిగితే ఏం జరుగుతుందో సాలూరు చూపించింది.

ఒకవేళ స్త్రీలు తమ ప్రవర్తన పూర్తిగా మార్చుకుంటే వ్యవస్థ ఏమిస్తుంది? దీనికి కాన్పులే జవాబు. ఇళ్లల్లో కాన్పులు వద్దు, ఆసుపత్రికి రండి అన్నారు. వెళ్లాం. 2019-21 నాటి అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఇంతకంటే మార్పు ఎక్కడుంటుంది? దానికి బదులుగా ఏం దొరికింది? అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81 శాతం దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం. సిజేరియన్లు 10 శాతం దాటి పెరిగితే, ఆ పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

మామూలు కాన్పయితే? వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేసినట్టు పెట్టడం, అరిస్తే తిట్టడం, తొడ మీద కొట్టడం, అడగకుండా కోత పెట్టడం. మన మీటింగుల్లో వీటిని చెప్పని ఊరు లేదు. కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీని ఉంచాలని కేంద్ర ప్రభుత్వం 2016లో చెప్పింది. తోడు ఉండాలనీ, ఎలా కూచుంటే, ఎలా నిలబడితే సుఖంగా ఉంటుందో తల్లినే ఎంచుకోనివ్వాలనీ, అందరికీ కోత పెట్టకూడదనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మన అమ్మమ్మలు కూచుని, దూలానికి కట్టిన తాడు పట్టుకుని కన్నారు. తల్లి పక్కన మంత్రసాని, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉండేవాళ్లు. పాత రోజుల్లో తల్లులు చనిపోలేదని నేననడం లేదు, చాలామంది చనిపోయారు. ప్రాణం కాపాడే ఆధునిక వైద్యం కావాలి. దానితో పాటు తోడునీ, గౌరవాన్నీ ఎందుకు వదులుకోవాలి? తెలంగాణలో 2017లో నర్సులకి మిడ్‌వైఫ్‌లుగా శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. అలాంటివాళ్లు ప్రతి ప్రసూతి వార్డులోనూ, తగినన్ని అధికారాలతో ఉండాలని మనం అడగాలి.

ఆసుపత్రి స్త్రీల తీరుని గమనించి మారితే ప్రాణాలతో పాటు ఇంకేం దక్కుతుందో ముంబయిలోని 'దిలాసా' చెబుతుంది. దెబ్బలు తిన్న స్త్రీ ముందుగా పోలీసు స్టేషన్‌కి పోదు. గాయానికి కట్టు కట్టించుకోవడానికి ఆసుపత్రికి వస్తుంది. "బాత్రూంలో జారిపడ్డా" అంటుంది. ఆమె రోజూ చేసే ఈ పనిని గమనించి, 2000 సంవత్సరంలో బాంద్రాలోని ఒక మునిసిపల్ ఆసుపత్రిలోనే సహాయ కేంద్రం తెరిచారు. సెహత్ సంస్థ, ముంబయి మునిసిపల్ కార్పొరేషన్ కలిసి చేసిన పని అది. భర్తకి అనుమానం రాకుండా రాగలిగిన చోటులోనే ఆమె మాట వినే మనిషిని కూచోబెట్టారు. ఎక్కడికో రమ్మనకుండా, ఆమె ఎలాగూ వచ్చే చోటికే సహాయం వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మనుషుల తీరుని బట్టి వైద్యాన్ని మలచడం అనే మాట ఇప్పుడు పెద్ద పెద్ద సంస్థల నోట కూడా వినిపిస్తోంది. మన తీరుని గమనించడం మన మేలుకే జరుగుతుందన్న హామీ లేదు. పేద స్త్రీలు ఎదురు ప్రశ్నించరని గమనించినవాళ్లు, ఆ సంగతిని వాడుకున్న చరిత్ర మనకి తెలుసు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజెక్షన్ పరీక్షకి స్త్రీలని సమీకరిస్తున్నప్పుడు, అది ప్రయోగమన్న సంగతే వాళ్లకి సరిగా చెప్పలేదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు బయటపెట్టారు. 1986లో మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు.

కుటుంబ నియంత్రణ శిబిరాలదీ ఇదే దారి. స్త్రీలకి తీరిక ఒక్కరోజే దొరుకుతుంది, అందుకని ఒకే రోజు అందరికీ ఆపరేషన్లు చేసి పంపేస్తున్నాం అంటారు. వినడానికి మన సౌకర్యం కోసమే అన్నట్టుంటుంది. నిజానికి అది లక్ష్యాల సౌకర్యం. లక్ష్యాల పద్ధతిని 1996లో కాగితం మీద ఎత్తేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు పదిమందికి పైగా చనిపోయారు. ఈ శిబిరాలని మూడేళ్లలో ఆపేయాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు స్త్రీలు చనిపోయారు. చిన్న వయసు వాళ్లు, చిన్న పిల్లల తల్లులు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్నది దేశంలో స్త్రీలయితే దాదాపు 38 శాతం, మగవాళ్లయితే 0.3 శాతం అని అయిదో సర్వే చెప్పింది. 'ప్రవర్తనలో మార్పు' చార్టు మగవాళ్ల ముందు ఎవరూ ఎందుకు తగిలించరో నాకు అర్థం కాదు.

కాబట్టి మన తీరు తెలుసుకోవడం ఒక్కటే చాలదు. ఎవరు అడుగుతున్నారు, ఎవరి మేలు కోసం, చివరికి నిర్ణయం ఎవరిది అన్నది అసలు ప్రశ్న. గడ్చిరోలిలో జవాబు చెప్పిన మనుషుల మాట గోడలుగా లేచింది. శిబిరాల్లో స్త్రీల ఇబ్బందే వాళ్లని బల్ల మీదికి ఎక్కించే సాకు అయింది.

ఇంకొక జాగ్రత్త. ఆసుపత్రి మారాలని మనం అడిగినప్పుడల్లా ఆ భారం తిరిగి ఒక స్త్రీ నెత్తినే పడుతుంది. సాయంత్రం పూట రండి, ఇంటింటికీ తిరగండి, రాత్రి కాన్పుకి తోడు వెళ్లండి అని ఆశా కార్యకర్తలకి చెబుతారు. 2005 నుంచి వాళ్లని స్వచ్ఛంద కార్యకర్తలనే అంటున్నారు. చేసే పనిని బట్టి పారితోషికం ఇస్తూ, కార్మికులుగా గుర్తించడం లేదు. 2015లో తెలంగాణ ఆశాలు 106 రోజులు సమ్మె చేశారు. నిద్రలేని ఏఎన్‌ఎం, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కతే చేసే నర్సు, వందమందిని చూసే డాక్టరు మెత్తగా మాట్లాడలేరు. వాళ్ల అవసరాలని పట్టించుకోని వ్యవస్థ మన అవసరాలని పట్టించుకోలేదు. ఈ విషయంలో వాళ్లూ మనమూ ఒక పక్షమే.

మనం చేయగలిగింది ఏమిటి? ఈ మూడు నెలల్లో ప్రతి సంఘమూ తమకి దగ్గరున్న ఆసుపత్రిలో ఒక రోజంతా కూచోవాలని నా ప్రతిపాదన. తగాదాకి వద్దు, చూడడానికి. ఓపీ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తోంది, మొదటి బస్సు ఎన్నింటికి వస్తోంది? ఆడవాళ్ల మరుగుదొడ్డి తెరిచి ఉందా, నీళ్లున్నాయా? పరీక్ష చేసే చోట తెర ఉందా, మాట బయటికి వినపడకుండా చెప్పుకునే వీలుందా? చక్రాల కుర్చీలో వచ్చిన స్త్రీ పరీక్ష బల్ల ఎక్కగలదా? వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ఆసుపత్రిలో ప్రతి భాగమూ వాళ్లకి అందుబాటులో ఉండాలి. చంటిబిడ్డతో వచ్చినామె పాలివ్వడానికి చోటుందా? ఎంతమంది చూపించుకోకుండా వెనక్కి పోతున్నారు? వెనక్కి పోయేవాళ్లతో బస్టాపు దాకా నడవండి. ఎందుకు పోతున్నారో ఆ దారిలో చెబుతారు.

భర్త సంతకం అడుగుతున్నారా అని కూడా చూడండి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గర్భస్రావానికి చట్టం ప్రకారం ఆమె అంగీకారం చాలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి భర్త అంగీకారం అక్కరలేదని ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. అయినా అడుగుతారు. అది చట్టం కాదు, ఆసుపత్రి అలవాటు. మారాల్సిన ప్రవర్తనల జాబితాలో దాన్ని మొదట రాయండి. ఈ వివరాలన్నీ పట్టుకుని ఆసుపత్రి అభివృద్ధి కమిటీకీ, జిల్లా అధికారులకీ వెళదాం. వచ్చే సంచికలో వాటిని అచ్చు వేస్తాం.

పోయిన వారం ఆమె మా ఆఫీసుకి వచ్చింది. రిజిస్టరులో నేను రాసిన వాక్యం చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "గట్ల రాసినవా అక్కా" అంది. కొట్టేసి ఏం రాయమంటావని అడిగాను. "మూడుసార్లు పోయింది, ఒక్కసారి గూడ చూడలేదని రాయి" అంది. ఆమె చెప్పినట్టే రాశాను. మీ సంఘాల రిజిస్టర్లలో కూడా 'సహకరించడం లేదు' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. ఆ స్త్రీల దగ్గరికి వెళ్లి, అసలేం జరిగిందో అడిగి రాయండి.